తెర వెనక కూర్చున్నవాళ్ళం

మా సోన్‌కోల్ సరస్సు ఒడ్డున ఎండాకాలమంటే
గట్టిగా రెండు నెలలు.
ఆ రెండు నెలల్లో మూడుసార్లు, వాగు దారిస్తే,
సినిమా లారీ వచ్చేది.
అది కొండ మలుపు తిరక్కముందే కుక్కలు చెప్పేవి.

రెండు గుంజలు పాతి మధ్యన తెల్లగుడ్డ బిగించేవాళ్ళు.
ముందు వైపంతా పెద్దవాళ్ళది,
గొర్రెచర్మాలు పరుచుకుని, పులిసిన గుర్రప్పాల గిన్నెలతో.
పిల్లలం గుడ్డకి వెనక, తడిగడ్డి మీద.

అలా నా చిన్ననాటి సినిమాలన్నీ
నేను వెనకనించే చూశాను.
అక్షరాలు తిరగబడి వచ్చేవి,
మాకప్పటికి చదువే రాదు కాబట్టి నష్టమేం లేదు.
హీరోలందరూ ఎడమచేతివాళ్ళు.
ఎడమచేత్తో తుపాకి పేల్చి
ఎడమచేత్తో సెల్యూట్ కొట్టి
ఎడమచేత్తోనే రొట్టె విరుచుకు తినేవాళ్ళు.
నాదీ ఎడమచేతివాటం.
చలికాలం లోయలో, బళ్ళో, పంతులమ్మ ఆ చేతిమీదే స్కేలుతో కొడుతుంటే
నాకు లోలోపల జాలి:
పాపం, ఈవిడ ముందువైపు కూర్చుని చూసింది.

గాలి సంగతి చెప్పకపోతే తప్పు.
గాలి వీస్తే సేనాపతికి నెల తప్పేది,
కోటగోడలు ఊపిరి తీసేవి.
ఓడ సినిమా ఆడిన రాత్రి మాత్రం
తెరేదో, తెరచాపేదో, సముద్రపు తెరలేవో
ఎవరికీ తెలియలేదు.
జుమాగుల్‌కి నిజంగానే వాంతయింది.

మా నాయనమ్మ బత్మా
తెరమీద ఎవరు గుమ్మం దాటి వచ్చినా
కాస్త జరిగి చోటిచ్చేది.
ఓసారి మంచులో ఒక ముసలాయన వణుకుతుంటే
లేచి వెళ్ళి తన శాలువా తెర కింద పెట్టి వచ్చింది.
ఎవరూ నవ్వలేదు.
తెల్లారి మంచుకి నానిన శాలువా దులుపుతూ
"కప్పుకోలేదు, మొహమాటస్థుడు" అంది.

లారీ తోకోన్‌ది. మెషీనూ, మైకూ అతనివే.
రష్యన్ సగమే వచ్చు.
వచ్చిన సగం మా భాషలో చెప్పేవాడు,
రాని సగం సొంతంగా కల్పించేవాడు.
అందుకే మా సినిమాల్లో శత్రు సైన్యాధికారులు
మీ గొర్రెలెన్ని అని తరచు అడిగేవాళ్ళు.

డెబ్బై మూడులో, ఆగస్టు చివర,
ఒక నర్సు సినిమా తెచ్చాడు.
ఆ వసంతంలోనే అతని భార్య జూరా కాన్పులో పోయింది.
ఆ రాత్రి అతను ఏదీ కల్పించలేదు,
మాటకి మాట, మెల్లగా చెప్పాడు.
ఆ నర్సు ఎడమచేత్తో లాంతరు పట్టుకుని
మంచుబండి ఎక్కి, తుఫానులోకి వెళ్ళింది.
అక్కడ మెషీను ఆగింది.

"చేరింది," అన్నాడు చీకట్లో.
మళ్ళీ కాసేపటికి,
"ఇల్లు చేరింది. పొయ్యి కూడా వెలిగించుకుంది."

రీళ్ళ డబ్బాలు లారీనించి మోసింది నేను.
తొమ్మిది.
ఆడినవి ఎనిమిది.
గొర్రెల్ని లెక్కపెట్టే పిల్లని, లెక్క తప్పను.
ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఆ లారీని ఒకసారి చూశాను,
నరీన్ బజారులో, బంగాళాదుంపల బస్తాలతో.
నడుపుతున్నది వేరే ఎవరో.

ఇంకా చాలా ఏళ్ళకి, బిష్‌కేక్‌లో,
ఏడో అంతస్తులో, రాత్రి పదకొండుకి
ఇస్త్రీ చేసుకుంటుంటే టీవీలో అదే నర్సు.
కట్టేద్దామని లేచాను. కట్టలేదు.
తొమ్మిదో రీలు పెద్దదేం కాదు,
గుర్రం ముందు పడింది, తర్వాత ఆమె,
లాంతరు మీద మంచు కురిసింది, సంగీతం వచ్చింది.
చొక్కా కాలిన వాసనకి తేరుకున్నాను.

ఆ లాంతరు ఆమె కుడిచేతిలో ఉంది.
మొదటినించీ కుడిచేతిలోనే ఉంది.

చచ్చిపోయినామె ఎవరో
నాకు తెలీదు.